యుద్ధ విమానం నుండి రోగి పడక వరకు: లియొనార్డ్ చెషైర్

సువిశేషాలలో సైనికుల ప్రస్తావన తక్కువే. కాని ఉన్నంతలో కఫర్నాములోని శతాధిపతికి లభించిన మన్నన మరెవరికీ లభించలేదు. ఆయన స్వదేశం విడిచి పరాయి గడ్డ మీద కొలువు చేస్తున్న అధికారి. పైవారి ఆజ్ఞకు లోబడేవాడు, తన ఆజ్ఞకు లోబడే సైనికులు గలవాడు. అటువంటి వాడు తన ఇంట మంచం పట్టిన సేవకుని కోసం యేసుప్రభువును ఆశ్రయించాడు. ఇరువదవ శతాబ్దిలో ఆ శతాధిపతిని తలపించే వ్యక్తి ఎవరని అడిగితే మాకు మొదట గుర్తుకు వచ్చే పేరు లియొనార్డ్ చెషైర్.

ఈయన కథను మన ఉపదేశాలలో, యువజన శిబిరాలలో ఒక పద్ధతిలో చెప్పడం అలవాటయింది. ఆంగ్లేయుల విమానదళంలో మహావీరుడైన చెషైర్ నాగసాకి మీద అణుబాంబు పడడం కళ్ళారా చూశాడనీ, గుండె చెదిరి పశ్చాత్తాపంతో కుమిలి, ఆ పాపానికి పరిహారంగా రోగుల సేవకు పూనుకున్నాడనీ చెబుతాం. మేమూ చాలాకాలం అలాగే చెప్పాం. ఆ కథ వినడానికి ఇంపుగా ఉంటుంది, చెప్పడానికి సులువుగా ఉంటుంది. కాని ఆయన జీవితాన్ని కాస్త శ్రద్ధగా పరిశీలిస్తే నిజం అంత సులువుగా లేదని తెలిసింది. అందుకే మళ్ళీ మొదటినుంచి చెప్పబూనుకున్నాం.

బాల్యం, విద్య

చెషైర్ 1917 సెప్టెంబరు 7న ఇంగ్లండులోని చెస్టరు పట్టణంలో జన్మించారు. తండ్రి ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పండితుడు. ఆయన రాసిన గ్రంథాలను న్యాయవిద్యార్థులు తరతరాలుగా చదివారు. కుమారుడు కూడా ఆక్స్ఫర్డులోనే న్యాయశాస్త్రం చదివాడు గాని, చదువు మీద కన్న వేగంగా పోయే కార్ల మీద, సరదాల మీద మనసు ఎక్కువ. 1936లో కొంతకాలం జర్మనీలోని పోట్స్డాములో ఒక కుటుంబంతో నివసించినపుడు, నాజీల బహిరంగసభలో అందరూ చేయిచాచి వందనం చేస్తుంటే తాను చేయనని నిలబడి అక్కడివారికి కోపం తెప్పించాడు. విశ్వవిద్యాలయపు విమాన దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. 1939లో పట్టా చేతికి వచ్చిన ఏడే యుద్ధమూ వచ్చింది.

ఆకాశంలో అయిదేండ్లు

1940 జూన్‌లో చెషైర్ బాంబర్ కమాండులోని 102వ స్క్వాడ్రన్‌లో చేరారు. ఆ ఏడు నవంబరులో జర్మనీ మీదికి వెళ్ళినపుడు శత్రువుల గుండు తగిలి విమానం లోపల మంట రేగింది. పక్కగోడకు పెద్ద గండి పడింది. వైర్‌లెస్ పనివాడు ఒళ్ళంతా కాలి బాధపడుతున్నాడు. ఆ స్థితిలో గంటల తరబడి నడిపి విమానాన్ని స్వస్థలానికి చేర్చినందుకు ఆయనకు మొదటి గొప్ప పతకం లభించింది. మరుసటి ఏడు సొంత తమ్ముడే బెర్లిను మీద దాడిలో విమానం కూలి జర్మనులకు ఖైదీగా చిక్కాడు. 1943లో, ఇరవై అయిదేండ్ల వయసులో, చెషైర్ గ్రూప్ కెప్టెన్ అయ్యారు. విమానదళంలో ఆ హోదా అంత చిన్న వయసులో పొందినవారు అప్పటికి లేరు.

ఆ హోదాతో హాయిగా నేల మీద ఉండవచ్చు. ఆయన మాత్రం ఒక మెట్టు హోదా తగ్గించుకొని 1943 నవంబరులో 617వ స్క్వాడ్రన్ నాయకత్వం స్వీకరించారు. జర్మనీ ఆనకట్టలను కొట్టి పేరు తెచ్చుకున్న దళం అది. దానిలో ఒక దేశంవారే లేరు. ఆయన క్రింద ముఖ్యులైన ముగ్గురు నాయకులలో షానన్ ఆస్ట్రేలియా వాడు, మన్రో న్యూజీలాండు వాడు, మెకార్తీ అమెరికా వాడు. ఆంగ్లేయుల మర్యాదలకు, ఆ దేశాలవారి స్వేచ్ఛకు పొత్తు కుదరడం తేలిక కాదు. చెషైర్ నేల మీద పనిచేసే మెకానిక్కుల పేర్లు సైతం గుర్తుపెట్టుకొని పలకరించేవారట. అపాయకరమైన పని ఏదైనా తాను ముందు చేసి చూపించేవారు. అందుచేత దళం ఆయనను ప్రేమించింది.

1944 ఫిబ్రవరి 8 రాత్రి జరిగిన సంఘటన ఒకటి చెప్పాలి. జర్మనుల స్వాధీనంలో ఉన్న ఫ్రాన్సులో, లిమోజ్ పట్టణంలో, విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది. దానిలో రాత్రి పని చేసేది వందలాది ఫ్రెంచి స్త్రీలు. చెషైర్ తన విమానాన్ని కర్మాగారం పైకప్పు తగులుతుందా అన్నంత క్రిందికి దించి మూడుసార్లు అటూ ఇటూ నడిపారు. ఆ హోరుకు లోపలివారు బయటకు పరుగెత్తి దాక్కున్నారు. నాలుగోసారి వచ్చినపుడు గురి చూపే మంటలు వదిలారు. వెనుక వచ్చిన విమానాలు ఆ మంటల మీద బాంబులు వేశాయి. శత్రువు ఫిరంగుల ముందు తన ప్రాణాన్ని మూడుసార్లు ఎదురుపెట్టి పరాయి దేశపు కూలి స్త్రీలకు వ్యవధి ఇచ్చిన సైనికాధికారి చరిత్రలో అరుదు.

అయితే అదే చెషైర్ ఏప్రిల్ 24న మ్యూనిక్ నగరం మీద అదే విధంగా క్రిందికి దిగి గురిమంటలు వేశారు. అక్కడ హెచ్చరిక లేదు. ఆ మంటల మీద బాంబులు పడ్డది ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్న నగరం మీద. ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు. బాంబర్ కమాండులో ఆ యుద్ధంలో మరణించిన వైమానికులే 55,573 మంది. వారు కొట్టిన నగరాలలో చనిపోయిన పౌరులు లక్షలలో ఉన్నారు.

1944 జూలై 6న చెషైర్ నూరవ దాడి ముగించారు. ఇక చాలునని పైఅధికారి ఆయననూ, పైన చెప్పిన ముగ్గురు నాయకులనూ యుద్ధవిధుల నుంచి తప్పించారు. సెప్టెంబరు 8న విక్టోరియా క్రాసు ప్రకటించారు. సాధారణంగా ఆ పతకం ఒక్క సాహసకార్యానికి ఇస్తారు. చెషైర్‌కు మాత్రం నాలుగేండ్లపాటు తరగని ధైర్యానికి ఇచ్చారు.

కలకత్తాలో

ఆ తరువాత ఆయనను పంపింది మన దేశానికి. కలకత్తాలోని ఈస్టర్న్ ఎయిర్ కమాండ్ ముఖ్య కార్యాలయంలో ఉద్యోగం. ఈ సంస్థ గురించి కొంచెం వివరించాలి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన సంగతి మన కోస్తాలోని పెద్దల నోట విన్నదే. జనం బండ్లు కట్టుకొని పల్లెలకు పారిపోయారు. బర్మా అప్పటికే జపాను చేతికి చిక్కుతూ ఉంది. బంగాళాఖాతం ఇవతల ఉన్న నేలనంతా ఆకాశం నుంచి కాపాడవలసి వచ్చింది. తొలుత ఆంగ్లేయుల విమానదళం ఒక దారి, అమెరికా వారి పదవ విమానదళం మరొక దారి నడిచేవి. 1943 డిసెంబరులో ఆ రెంటినీ కలిపి ఈస్టర్న్ ఎయిర్ కమాండును ఏర్పరచారు. దాని అధిపతి స్ట్రేటమెయర్ అనే అమెరికా జనరల్. ఆయన పై అధికారి ఆంగ్లేయుడైన పియర్స్. అందరిపైన మౌంట్‌బాటెన్. కార్యాలయంలో ఒకే బల్లకు ఒక వైపు ఆంగ్లేయుడు, రెండవ వైపు అమెరికావాడు కూర్చొని పనిచేసేవారు. మన భారత విమానదళపు స్క్వాడ్రన్లు కూడా ఈ కమాండు క్రిందే బర్మా సరిహద్దులో పోరాడాయి. 1944లో ఇంఫాలు దగ్గర ఒకటవ స్క్వాడ్రన్‌ను నడిపిన అర్జన్ సింగ్ గారే తరువాత మన విమానదళానికి అధిపతి అయ్యారు. ఆ ఏడు చివరకు కెనడావారి రెండు రవాణా స్క్వాడ్రన్లు కూడా వచ్చి చేరాయి.

ఇన్ని దేశాల వారిని కలిపి ఉంచింది ముఖ్యంగా రవాణా పని. 1944 మార్చిలో అరకాను నుంచి ఒక భారత సేనా డివిజన్‌ను, ఫిరంగులతో, కంచరగాడిదలతో సహా, రవాణా విమానాలలో ఎక్కించి ఇంఫాలుకు చేర్చారు. తరువాత నెలల తరబడి శత్రువు చుట్టుముట్టిన ఇంఫాలులోని లక్షకు పైగా సైనికులకు తిండి, మందుగుండు, మందులు ఆకాశం నుంచే అందాయి. తిరుగు ప్రయాణంలో గాయపడినవారిని, జబ్బుపడినవారిని మోసుకు వచ్చాయి.

చెషైర్ వచ్చేసరికి ఇంఫాలు ముట్టడి ముగిసింది. ఆయనకు లభించింది బల్ల ముందు పని, పథకాలు, పటాలు, కాగితాలు. నూరు రాత్రులు నిప్పుల మధ్య ఎగిరిన మనిషికి అది ఇష్టమైన పని కాదు. కొద్ది నెలలే ఇక్కడ ఉన్నారు. అంతకు ముందు ఏడే, 1943లో, బెంగాలు కరువు లక్షలాది ప్రాణాలను పొట్టనబెట్టుకుంది. కలకత్తా వీధులు ఆ గాయం నుంచి ఇంకా తేరుకోలేదు. చెషైర్ మన దేశాన్ని మొదటిసారి చూసింది ఆ కాలంలో, ఖాకీ బట్టలలో. పన్నెండేండ్లకు మళ్ళీ వచ్చినపుడు ఆయన వేషం వేరు, వచ్చిన పని వేరు.

నాగసాకి

కలకత్తా నుంచి ఆయనను వాషింగ్టనులోని బ్రిటిషు సంయుక్త సైనిక కార్యాలయానికి మార్చారు. అక్కడ ఉండగా బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధిగా అణుబాంబు ప్రయోగాన్ని చూసి రమ్మని ఆజ్ఞ వచ్చింది. శాస్త్రవేత్త పెన్నీ ఆయనకు తోడు. పసిఫిక్ మహాసముద్రంలోని టినియన్ దీవి నుంచి బయలుదేరిన అమెరికా విమానాలలో ఒకదానిలో వీరికి చోటు దొరికింది. 1945 ఆగస్టు 9న వీరి విమానం మిగతావాటితో కలుసుకోవలసిన చోట కలుసుకోలేక వెనుకబడింది. నాగసాకి మీద మెరుపు మెరిసినపుడు చెషైర్ ఎన్నో మైళ్ళ దూరాన ఉన్నారు. పైకి లేచిన మేఘం క్రింద నగరం ఉన్నచోటు కనబడలేదు.

ఆ ఏడాది ముగిసేలోగా నాగసాకిలో మరణించినవారు సుమారు 70,000 మంది. మన కతోలిక ప్రజకు ఆ నగరం పరాయిది కాదు. రెండువందల ఏండ్లకు పైగా గురువులు లేకపోయినా, హింసలు పడుతూ విశ్వాసాన్ని దాచి కాపాడుకున్న క్రైస్తవుల వంశాలు నివసించినది అక్కడి ఉరకామి ప్రాంతంలోనే. బాంబు పేలినది వారి దేవాలయానికి అతి సమీపాన. ఆ వేళ లోపల పాపసంకీర్తనాలు వింటున్న గురువులు, వరుసలో వేచి ఉన్న విశ్వాసులు ఒక్కసారే మరణించారు. ఆ విచారణకు చెందిన 12,000 మందిలో సుమారు 8,500 మంది నశించారని చెబుతారు.

ఇక్కడే మన అలవాటు కథ తప్పిపోతుంది. చెషైర్ ఆ తరువాత నలభై ఏడేండ్లు జీవించారు. ఆ బాంబు వేయడం తప్పని ఆయన చెప్పలేదు. యుద్ధం అంతటితో ఆగిందనీ, జపాను నేల మీద దాడి చేయవలసి వస్తే ఇరువైపులా ఇంకా ఎక్కువమంది చనిపోయేవారనీ ఆయన చివరివరకు నమ్మారు. 1985లో ఈ విషయం మీద ఒక పుస్తకం కూడా రాశారు. మరణాలను చూసి ఆయన చలించలేదని కాదు. ఇకపై శాంతి కోసం పనిచేయడం ప్రాణాలతో మిగిలినవారి బాధ్యత అని ఆయన గ్రహించారు. కాని పశ్చాత్తాపపడిన బాంబరు అని పత్రికలు ఆయనకు తగిలించిన బిరుదును ఆయన అంగీకరించలేదు.

అదే టినియన్ దీవిలో ఆ వైమానికులకు ఆత్మీయ సేవ చేసిన కతోలిక గురువు జార్జ్ జబెల్కా అనే ఆయన ఉన్నారు. తరువాతి సంవత్సరాలలో ఆ గురువు తాను ఆనాడు మౌనంగా ఉండడం మహాపాపమని బహిరంగంగా ఒప్పుకొని, యుద్ధాలన్నిటికీ వ్యతిరేకంగా బోధించారు. ఇద్దరూ 1992లోనే కన్నుమూశారు. ఒకే దీవి, ఒకే శ్రీసభ, రెండు మనస్సాక్షులు. మా మట్టుకు మేము నాగసాకి విషయంలో గురువు జబెల్కా పక్షానే నిలబడతాం. అభం శుభం తెలియని పౌరుల నగరాన్ని గురిచేసుకోవడాన్ని రెండవ వాటికన్ మహాసభ ఖండించింది. అయినా చెషైర్ జీవితాన్ని త్రోసివేయలేం. ఎందుకో ఇకముందు చెబుతాం.

ముసలివాని పడక

1946 జనవరిలో చెషైర్ విమానదళం నుంచి వైదొలిగారు. యుద్ధం ముగిసి దిక్కుతోచక ఉన్న సైనికులు కలిసిమెలిసి బ్రతికేలా ఒక సమష్టి నివాసం ప్రారంభించారు. హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పెద్ద భవనంలో అది కొంతకాలం సాగి అప్పులతో కూలిపోయింది. అంతకు ముందే, 1941లో చేసుకున్న వివాహం కూడా విఫలమైంది. ముప్పై ఏండ్లకే వీరకీర్తి, ఓటమి రెండూ చూసిన మనిషి ఆ ఖాళీ భవనంలో మిగిలారు.

1948లో ఒక ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. మునుపు విమానదళంలో పనిచేసి, తరువాత చెషైర్ నివాసంలో కొన్నాళ్ళు ఉన్న ఆర్థర్ డైక్స్ అనే వ్యక్తికి క్యాన్సరు ముదిరింది, ఆసుపత్రి చేయగలిగింది లేదు, ఉంచుకునే చోటూ లేదు. చెషైర్ ఎన్నో చోట్ల విచారించారు. ఎవరూ తీసుకోమన్నారు. చివరకు తానే లె కోర్టుకు తెచ్చుకున్నారు. సేవ చేయడం తెలియదు, డబ్బు లేదు, తోడు మనిషి లేదు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, వంట వండడం అన్నీ తానే చేశారు. రోగి రాత్రి పిలిస్తే వినబడాలని దగ్గరలోనే పడుకునేవారు. డైక్స్ కతోలికుడు. విశ్వాసానికి దూరమై, చివరి రోజులలో తిరిగి వచ్చినవాడు. ఆ ఏడు ఆగస్టులో ఆయన ప్రశాంతంగా కన్నుమూశారు. ఆ ముఖంలోని శాంతి చెషైర్‌ను కదిలించింది. అప్పటికే తొంభై దాటిన ఒక అవ్వ ఆ ఇంట రెండవ రోగిగా చేరింది. తరువాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. 1948 క్రిస్మస్ ముందురోజు చెషైర్ కతోలిక శ్రీసభలో చేరారు.

గమనించండి. ఆయనను సేవకు పిలిచింది నాగసాకి మేఘం కాదు, ఎవరికీ అక్కరలేని ఒక మనిషి మంచం. ఆయన పెద్ద ప్రణాళికతో బయలుదేరలేదు. తలుపు తట్టిన ఒక్కనికి కాదనలేకపోయారు.

1952లో ఆయనకే క్షయ వచ్చింది. రెండేండ్లకు పైగా శానటోరియంలో ఉండి పలుమార్లు శస్త్రచికిత్సలు పొందారు. ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది. మంచం మీద నుంచే ఉత్తరాలు రాస్తూ కొత్త గృహాలకు పునాదులు వేశారు. సాయం పొందే రోగి మనసులో ఎంత చిన్నతనం కలుగుతుందో అప్పుడు తెలుసుకున్నారు. అందుచేత ఆయన గృహాలలో నివాసులను రోగులుగా గాక ఇంటివారుగా చూడాలనీ, వారి ఇష్టాయిష్టాలకు విలువ ఇవ్వాలనీ నియమం పెట్టారు.

మళ్ళీ భారతదేశానికి

ఇంగ్లండు బయట చెషైర్ గృహాలు ముందుగా వెలసినది మన దేశంలోనే. 1956లో బొంబాయి శివారు అంధేరీలో మొదటిది ప్రారంభమైంది. క్రమంగా కలకత్తా, మద్రాసు, బెంగుళూరు, కోయంబత్తూరు, జంషెడ్‌పూరు, ఢిల్లీ మొదలైన చోట్ల వచ్చాయి. ప్రతి గృహాన్నీ ఆయా ఊరివారి సంఘమే నడపాలనేది ఆయన పట్టుదల. ఆ సంఘాలలో హిందువులు, పార్సీలు, మహమ్మదీయులు, క్రైస్తవులు కలిసి కూర్చున్నారు. చేర్చుకునేటపుడు కులం, మతం అడగరాదు.

యూరోపులో యుద్ధబాధితులకు సేవచేసిన సూ రైడర్ అనే ఆమెను 1959 ఏప్రిల్ 5న బొంబాయి కతోలిక దేవాలయంలో ఆయన వివాహమాడారు. ఇద్దరూ కలిసి డెహ్రాడూనులో రఫాయేలు అనే కేంద్రం స్థాపించారు. కుష్ఠు సోకినవారికి, క్షయరోగులకు, బుద్ధిమాంద్యం గల పిల్లలకు అక్కడ ఆశ్రయం లభించింది. దాని పోషణకు ఎక్కువగా ధనం పంపినది ఆస్ట్రేలియా, న్యూజీలాండు ప్రజలు. ఒకనాడు ఆయన దళంలో బాంబులు మోసిన దేశాల నుంచే ఇప్పుడు మందులకు, గోడలకు డబ్బు వచ్చింది.

అంత్యకాలం

1981లో ఇంగ్లండు రాణి ఆయనకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. 1989లో, ఆ శతాబ్దపు యుద్ధాలలో మరణించిన ప్రతి ఒక్కరి పేరా అయిదు పౌనుల చొప్పున విరాళాలు సేకరించి, విపత్తులలో చిక్కుకున్నవారిని ఆదుకునే నిధిని ప్రారంభించారు. ఆ లెక్కలో మిత్రుడు, శత్రువు అనే తేడా పెట్టలేదు. మ్యూనిక్ పౌరుడు, నాగసాకి స్త్రీ, 617వ స్క్వాడ్రన్ కుర్రవాడు అందరికీ అదే అయిదు పౌనులు. ఆయన నోటితో ఒప్పుకోనిది ఈ లెక్కలో ఉందేమోనని మాకు తోస్తుంది. అది మా ఊహ మాత్రమే.

చివరకు కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుపడే మోటార్ న్యూరాన్ వ్యాధి ఆయనకు సోకింది. నాలుగు దశాబ్దాలు ఎవరికి సేవచేశారో వారిలో ఒకరై, తన పక్క మార్చడానికి ఇంకొకరి చేతికోసం ఎదురుచూశారు. 1992 జూలై 31న సఫోక్‌లోని కావెండిష్‌లో తుదిశ్వాస విడిచారు. అప్పటికి 49 దేశాలలో 270 గృహాలు ఆయన పేర నడుస్తున్నాయి.

మా మనవి ఇంతే. ఇకమీదట చెషైర్ గారి కథ చెప్పేటపుడు లేని పశ్చాత్తాపాన్ని ఆయనకు అంటగట్టవద్దు. నాగసాకి మృతులను మరుగుపరచవద్దు. తీరని ప్రశ్నతోనే ఒక మనిషి తన గడప లోపలికి రోగిని తెచ్చుకోగలిగాడని పిల్లలకు చెప్పండి. కఫర్నాము శతాధిపతి ఆ తరువాత కొలువు మానాడో లేదో సువిశేషం చెప్పదు. సేవకుని కోసం ఆయన వీధిలోకి వచ్చాడని మాత్రం చెబుతుంది. మన విచారణలలోనూ ఎవరూ తీసుకోని మంచాలు ఉన్నాయి. డైక్స్ లాంటివారు ఏ వీధిలో ఉన్నారో మనకు తెలుసు.